సేవావ్రతి డాక్టర్ జాకిర్ హుస్సేన్

నేటి విశ్వవిద్యాలయాలలో సమాజసేవ కూడా ఒక పాఠ్యాంశం. దానికి నిర్ణీతమైన గంటలు ఉన్నాయి, మార్కులు ఉన్నాయి, క్రెడిట్లు ఉన్నాయి. జాతీయ సేవా పథకంలో చేరిన విద్యార్థి రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. ఈ ఏర్పాటును తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. అయితే గంటలు పూర్తయి ధ్రువపత్రం చేతికి వచ్చిన పిమ్మట ఆ విద్యార్థిలో మిగిలేది ఏమిటి, అతడు సేవ చేసి వచ్చిన వాడలో మిగిలేది ఏమిటి అన్న ప్రశ్న ఉపాధ్యాయులను వెంటాడుతూనే ఉంటుంది. ఈ ప్రశ్నకు పుస్తకాలలో కాక తన బ్రతుకులోనే సమాధానం వెదకినవారు డాక్టర్ జాకిర్ హుస్సేన్. భారత రాష్ట్రపతిగా ఆయన పేరు ఎరుగని విద్యార్థి ఉండడు. కాని రాష్ట్రపతి భవనంలో ఆయన గడిపినది రెండేళ్ళు మాత్రమే. ఒక పేద విద్యాసంస్థను నడుపుతూ గడిపినది ఇరవై రెండేళ్ళు. ఈ వ్యాసంలో నేను ఎక్కువగా చెప్పదలచినది ఆ ఇరవై రెండేళ్ళను గురించే.

జాకిర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8వ తేదీన మన హైదరాబాదు నగరంలో జన్మించారు. వారి పూర్వులు అఫ్రీదీ పఠానులు. ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా ఖాయంగంజ్‌లో స్థిరపడినవారు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ న్యాయవాద వృత్తి నిమిత్తం నిజాం రాజధానికి వచ్చి, స్వశక్తితో పేరూ ధనమూ సంపాదించారు. 1907లో ఆయన కన్నుమూయగా కుటుంబం ఖాయంగంజ్‌కు మరలిపోయింది. నాలుగేళ్ళు తిరగకముందే, 1911లో, ప్లేగు వ్యాధి తల్లిని కూడా తీసుకుపోయింది. పద్నాలుగేళ్ళ ప్రాయంలో తల్లీ తండ్రీ లేనివాడైన ఆ బాలునికి ఇటావాలోని ఇస్లామియా ఉన్నత పాఠశాల ఆశ్రయమైంది. అక్కడి ప్రధానోపాధ్యాయులు సయ్యద్ అల్తాఫ్ హుస్సేన్ గారి నిరాడంబరత్వం, నిష్ఠ ఆ లేత మనస్సుపై చెరగని ముద్ర వేశాయి. సెలవులకు స్వగ్రామం పోయినప్పుడు హసన్ షా అనే సూఫీ సాధువు సాంగత్యం లభించేది. పుస్తకాలంటే ప్రాణం పెట్టే ఆ సాధువు తనకు నచ్చిన గ్రంథాలకు ఈ బాలునిచేత ప్రతులు వ్రాయించుకునేవాడట. సంపదలేనివాడు కూడా ఇవ్వగలవాడే అన్న ఎరుక ఆయనకు ఆ రోజులలోనే కలిగి ఉంటుందని నాకు తోస్తుంది. హైదరాబాదుతో ఆ కుటుంబానికి గల బంధం తరువాత కూడా తెగిపోలేదు. తమ్ముడు యూసుఫ్ హుస్సేన్ ఖాన్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర శాఖాచార్యులుగా పనిచేసి ప్రసిద్ధులైనారు.

1913లో జాకిర్ హుస్సేన్ అలీగఢ్‌లోని మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో ప్రవేశించారు. చురుకైన విద్యార్థి, మంచి వక్త. బి.ఎ. ముగించి ఎం.ఎ. చదువుతూనే అదే కళాశాలలో పాఠాలు చెప్పే అవకాశం కూడా పొందారు. ప్రభుత్వోద్యోగమో, న్యాయవాద వృత్తియో చేతికందే దూరంలో ఉండగా 1920 అక్టోబరు వచ్చింది. ఖిలాఫత్, సహాయనిరాకరణోద్యమాలు ఉవ్వెత్తున లేచిన కాలమది. గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్‌కు వచ్చి, ప్రభుత్వ సహాయంతో నడిచే విద్యాసంస్థలను విడిచి రమ్మని విద్యార్థులకు పిలుపునిచ్చారు. విడిచి వచ్చిన తరువాత ఎక్కడ చదవాలి? ఈ ప్రశ్న వేసినవారు చాలమంది. దానికి జవాబు కట్టడానికి పూనుకున్నవారు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో జాకిర్ హుస్సేన్ ఒకరు. ఆయనా, ఆయన మిత్రులూ హకీం అజ్మల్ ఖాన్ మొదలైన నాయకులను కలిసి, జాతీయ విద్యాసంస్థను స్థాపిస్తే తాము అందులో చేరుతామని మాట ఇచ్చారు. 1920 అక్టోబరు 29వ తేదీన అలీగఢ్ కళాశాల మసీదులో మౌలానా మహమూద్ హసన్ గారి ఆధ్వర్యవంలో జామియా మిల్లియా ఇస్లామియా అవతరించింది. హకీం అజ్మల్ ఖాన్ దానికి ప్రథమ ఛాన్సలర్. మౌలానా మహమ్మద్ అలీ ప్రథమ వైస్ ఛాన్సలర్. నాటికి జాకిర్ హుస్సేన్ వయస్సు ఇరవై మూడేళ్ళు.

1922లో ఆయన ఉన్నత విద్య కొరకు జర్మనీకి వెళ్ళారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో బ్రిటిష్ ఇండియా వ్యవసాయ వ్యవస్థపై పరిశోధన చేసి 1926లో డాక్టరేటు పొందారు. ఆ నగరంలోనే గాలిబ్ దీవానును అచ్చువేయించారు. అచ్చు అక్షరాలు కూర్చే పనిని స్వయంగా నేర్చి కొంత తన చేతులతోనే కూర్చారని చెబుతారు. చేతిపని విద్యకు తక్కువైనది కాదని తరువాత దేశానికి బోధించిన వ్యక్తికి ఇది తగిన అభ్యాసమే! అయితే బెర్లిన్‌లో ఆయనకు దొరికిన గొప్ప సంపద పట్టా కాదు, ఇద్దరు స్నేహితులు: అబిద్ హుస్సేన్, మహమ్మద్ ముజీబ్.

ఇక్కడ జామియా స్థితి దిగజారిపోయింది. 1924లో టర్కీలో ఖిలాఫత్తే రద్దు కావడంతో ఉద్యమం చల్లారింది. ఉద్యమ నిధులపై ఆధారపడిన సంస్థకు దిక్కులేకపోయింది. మూసివేయడమే మేలని పెద్దలు కొందరు నిశ్చయానికి వచ్చారు. 1925లో హకీం అజ్మల్ ఖాన్ పట్టుదలతో దానిని అలీగఢ్ నుండి ఢిల్లీ కరోల్‌బాగ్‌కు తరలించారు. ఈ వార్త విన్న జాకిర్ హుస్సేన్, తానూ తన మిత్రులూ జామియా సేవకు జీవితాలను అర్పించడానికి సిద్ధంగా ఉన్నామనీ, తాము వచ్చేవరకు దానిని మూయవద్దనీ జర్మనీ నుండి కబురు పంపారు. 1926లో ముగ్గురూ తిరిగి వచ్చారు. ఇరవై తొమ్మిదేళ్ళ వయస్సులో జాకిర్ హుస్సేన్ జామియాకు షేఖుల్ జామియా, అనగా వైస్ ఛాన్సలర్, అయినారు.

ఆ పదవి ఎట్టిదో నేటి విద్యార్థులు ఊహించుకోవడం కష్టం. అద్దె ఇండ్లలో తరగతులు. నెల తిరిగేసరికి జీతాలకు డబ్బు ఉండేది కాదు. 1927 చివర హకీం అజ్మల్ ఖాన్ మరణించడంతో ఆ ఒక్క ఆధారమూ పోయింది. అప్పుడు ఉపాధ్యాయులే సంస్థను తమ భుజాలపైకి ఎత్తుకున్నారు. 1928లో పదకొండుమంది ఒక విద్యాసంఘంగా ఏర్పడి, ఇరవై ఏళ్ళపాటు, నెలకు 150 రూపాయలకు మించని వేతనంపై జామియాలో పనిచేస్తామని ప్రతిజ్ఞ పట్టారు. 150 అన్నది గరిష్ఠ పరిమితి మాత్రమే. చేతికి వచ్చినది అంతకంటె చాల తక్కువ, అదీ సక్రమంగా వచ్చేది కాదు. విదేశీ డాక్టరేటు గలవారు అట్టి జీతంపై పసిపిల్లలకు పాఠాలు చెప్పారు. దేశమంతటా తిరిగి చిన్న చిన్న చందాలు పోగుచేశారు. జామియా సానుభూతిపరుల సంఘం ఒకటి ఏర్పరచి, ఏ ఒక్క ధనికుని దయమీదనో గాక వేలాది సామాన్యుల రూపాయలమీద సంస్థను నిలబెట్టడానికి ప్రయత్నించారు. ఇందులో పొదుపు సూత్రం ఒక్కటే ఉన్నదనుకోకూడదు. ఎవరి డబ్బుతో బడి నడుస్తుందో వారికే బడి జవాబుదారీ అవుతుంది.

సేవ అంటే తన ఊరు విడిచి మరొక ఊరికి పోయి చేసి వచ్చే పని అని మనం సాధారణంగా భావిస్తాం. జాకిర్ హుస్సేన్ భావన వేరు. బడియే ఒక చిన్న సమాజం కావాలి. అందులో పిల్లవాడు బాధ్యత వహించి, లెక్క చెప్పి, ఇతరులకు పనికివచ్చే వస్తువో పనియో చేసి, ఆ పనిలోనే చదువు నేర్చుకోవాలి. జామియా ప్రాథమిక పాఠశాలలో పిల్లల బ్యాంకు ఉండేది. దానిని పిల్లలే నడిపేవారు. పిల్లల దుకాణం ఉండేది. లాభనష్టాలు పిల్లలే చూసుకునేవారు. గణితం, భాష, మర్యాద, నిజాయితీ ఆ దుకాణపు బల్లమీద ఒకేసారి నేర్చుకోవలసి వచ్చేవి. ఈ పిల్లల సేవకే బెర్లిన్ పరిచయంతో గెర్డా ఫిలిప్స్‌బార్న్ అనే జర్మన్ యూదు మహిళ జామియాకు వచ్చి, ఆపాజాన్‌గా పిలిపించుకొని, 1943లో మరణించేవరకు అక్కడే ఉండిపోయారు. దేశమూ మతమూ వేరైన ఒక స్త్రీ ఒక ముస్లిం విద్యాసంస్థలో పసివారికి అక్కగా మెలగినదంటే ఆ సంస్థ తలుపులు ఎటువైపు తెరచి ఉన్నవో తెలుస్తుంది.

విద్యార్థులు మురికి బూట్లతో వస్తున్నారని ఒకనాడు ఆయన బ్రష్షూ పాలిషూ పట్టుకొని ద్వారంవద్ద కూర్చుని, వచ్చినవారి బూట్లు తుడవడానికి సిద్ధపడ్డారన్న కథ మనలో చాలమందికి తెలిసినదే. మరొక సంఘటనను తలచుకున్నప్పుడు మాత్రం నా మనస్సు ఇప్పటికీ కలవరపడుతుంది. చిన్న తరగతుల ఫలితాలు ప్రకటించి ఆయన పిల్లలకు మిఠాయి పంచుతుండగా నౌకరు వచ్చి చెవిలో ఏదో చెప్పి వెళ్ళాడు. ఆయన పంచడం ఆపలేదు. మూడేళ్ళ కూతురు రెహానా మరణించిందన్నదే ఆ వార్త అని అక్కడివారికి తరువాత తెలిసింది. ఇది స్థితప్రజ్ఞత అని మెచ్చుకునేవారున్నారు. తండ్రిగా ఆలోచించేవారికి ఇది కఠినంగా కనిపించినా తప్పుపట్టలేము. కాని ఆయన పిల్లల కొరకు వ్రాసిన కథలను రుఖయ్యా రెహానా అన్న పేరుతో ప్రకటించారన్న విషయం తెలిస్తే, ఆ మౌనం వెనుక ఎంత దుఃఖం దాగి ఉన్నదో అర్థమవుతుంది. స్వేచ్ఛ కొరకు తోడేలుతో పోరాడి ప్రాణం విడిచిన మేక కథ, అబ్బూఖాన్ కీ బక్రీ, ఉర్దూ చదివిన పిల్లలందరికీ సుపరిచితమే.

జామియా గోడల వెలుపల చదువురాని పెద్దలకు రాత్రిబడులు నడిచాయి. 1938లో షఫీఖుర్ రహమాన్ కిద్వాయ్ గారి నాయకత్వంలో వయోజన విద్య కొరకు ప్రత్యేకంగా ఇదారా తాలీమ్-ఓ-తరఖ్ఖీ అనే సంస్థ ఏర్పడింది. బస్తీలోని పనివారు, చిల్లర వర్తకులు దాని విద్యార్థులు. వారికి సులభమైన ఉర్దూలో చిన్న చిన్న పుస్తకాలు వ్రాయించి అచ్చువేశారు. పండితులు సులభంగా వ్రాయడం నేర్చుకున్నది కూడా అప్పుడే! ఎవరు ఎవరికి బోధించినట్లు?

ఇంతలో 1935 మార్చి 1వ తేదీన ఓఖ్లాలో జామియా సొంత భవనానికి పునాది పడింది. ఆ శంకుస్థాపన చేసినది మంత్రియో, నవాబో, జాతీయ నాయకుడో కాదు. జామియాలోకెల్లా చిన్నవాడైన విద్యార్థి. మన కళాశాలల శిలాఫలకాలను చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకు వస్తుంది.

1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో గాంధీజీ విద్యా సమావేశం ఏర్పాటుచేసి, చేతిపని కేంద్రంగా ప్రాథమిక విద్య సాగాలన్న తన ఆలోచనను పండితుల ముందుంచారు. ఆ ప్రణాళికను రూపొందించే సంఘానికి జాకిర్ హుస్సేన్ అధ్యక్షులైనారు. డిసెంబరు మొదటి వారానికే నివేదిక సిద్ధమైంది. ఏడేళ్ళ నిర్బంధ ఉచిత విద్య, మాతృభాషా మాధ్యమం, ఒక చేతిపని చుట్టూ అల్లుకున్న సకల పాఠ్యాంశాలు: ఇదే వార్ధా పథకంగా, నయీ తాలీమ్‌గా ప్రసిద్ధికెక్కింది. ఇక్కడ జాకిర్ హుస్సేన్ వ్యక్తిత్వంలోని ఒక విశేషాన్ని గమనించాలి. గాంధీజీపై ఆయనకు అపారమైన గౌరవం. అయినను పిల్లలు చేసే వస్తువుల అమ్మకంతోనే బడి ఖర్చు వెళ్ళాలన్న అంశంలో ప్రమాదమున్నదని ఆ సమావేశంలోనే హెచ్చరించడానికి వెనుకాడలేదు. డబ్బుపై దృష్టి పడినంతనే ఉపాధ్యాయుడు మేస్త్రీగా, పిల్లవాడు కూలివాడుగా మారిపోతారని ఆయన భయం. పనిలో ఆలోచన ఉండాలి, అది నేర్చుకొనే పని కావాలి. లేనిచో అది విద్య కాదు, వెట్టి. సేవ పేరుతో విద్యార్థులచేత ఆవరణ ఊడ్పించి, ఫోటో తీయించి నివేదిక పంపే నేటి కొన్ని సంస్థలకు ఈ హెచ్చరిక వర్తించకపోలేదు.

వార్ధా పథకాన్ని ముస్లిం లీగ్ తీవ్రంగా వ్యతిరేకించింది. దానికి అధ్యక్షత వహించిన ముస్లిం విద్యావేత్తపై స్వమతస్థులే నిందలు మోపారు. ఇటు స్వాతంత్ర్యోద్యమంలో సంస్థను సంస్థగా దింపలేదని కాంగ్రెసు అభిమానులు కొందరు ఆయనను తప్పుపట్టారు. వ్యక్తులుగా జైళ్ళకు వెళ్ళే ఉపాధ్యాయులను ఆయన ఆపలేదు. కాని బడి మూతపడరాదన్నది ఆయన నియమం. ఆనాటి ఉద్రేకంలో ఈ వైఖరి పిరికితనంగా తోచి ఉండవచ్చును. 1946 నవంబరులో దాని ఫలితం కనిపించింది. జామియా రజతోత్సవ వేదికపై నెహ్రూ, మౌలానా ఆజాద్ ఒకవైపు, జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ మరొకవైపు ఆసీనులైనారు. మరే ఇతర సంస్థా ఆ రోజులలో వారిని ఒకచోటికి పిలువగలిగేది కాదు. దేశమంతటా మత కలహాలు చెలరేగుతుండగా, ఈ మంటలో పసిపిల్లల విద్య ఎట్లా సాగుతుందని, దీనిని ఆర్పే బాధ్యత మీదేనని జాకిర్ హుస్సేన్ ఆ నాయకుల ముఖం మీదనే నివేదించారు.

వారు ఆర్పలేకపోయారు. 1947 ఆగస్టులో కాశ్మీరు ప్రయాణంలో ఉండగా జలంధర్ స్టేషనులో ఆయన హంతకమూకల చేతికి చిక్కారు. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి ప్రాణం కాపాడారు. ఢిల్లీ చేరేసరికి నగరమే కాలుతున్నది. కరోల్‌బాగ్‌లోని జామియా పుస్తకాల నిలయం దోపిడికి, మంటలకు గురైంది. ఏళ్ళ తరబడి పోగుచేసిన గ్రంథాలు బూడిదైనాయి. పురానా ఖిల్లాలోనూ హుమాయూన్ సమాధి వద్దనూ వేలాది ముస్లిం శరణార్థులు తలదాచుకున్నారు. జామియా ఉపాధ్యాయులు, విద్యార్థులు ఆ శిబిరాలలో పనిచేశారు. తన కుటుంబమే రెండుగా చీలిపోయిన బాధ కూడా జాకిర్ హుస్సేన్‌ది. తమ్ముడు మహమూద్ హుస్సేన్ పాకిస్తాన్ వెళ్ళి, అక్కడ మంత్రి పదవి చేపట్టారు. జాకిర్ హుస్సేన్ మాత్రం తన బడి ఉన్నచోటనే ఉన్నారు. ఆ శిబిరాలలోని పనికి ఎవరూ గంటలు లెక్కపెట్టలేదు. కాని ఇరవై ఏళ్ళుగా జామియా ఇచ్చిన శిక్షణకు అంతకంటె కఠినమైన పరీక్ష మరొకటి లేదు.

1948లో ఆయన అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా వెళ్ళారు. ఇరవై ఎనిమిదేళ్ళ క్రితం తాను విడిచివచ్చిన చోటికే తిరిగి వెళ్ళడం! దేశవిభజన అనంతరం అలీగఢ్‌ను అనుమానంతో చూసేవారు చాలమంది. ఉపాధ్యాయులు, విద్యార్థులు భయంతో ఉన్నారు. వారి భయాన్నీ ఇతరుల అనుమానాన్నీ కూడా తగ్గించడానికి ఆయన ఎనిమిదేళ్ళు శ్రమించారు. జామియాలోని కొందరు సహచరులకు ఆయన వెళ్ళిపోవడం బాధ కలిగించింది. అయితే ఇరవై ఏళ్ళ ప్రతిజ్ఞ అప్పటికి తీరిపోయింది. అలీగఢ్‌ను ఆదుకోవలసిన అవసరం అంతకంటె పెద్దదని నేను భావిస్తాను.

అదే కాలంలో, 1948-49లో, మన తెలుగువారికి ఆత్మీయులైన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘంలో జాకిర్ హుస్సేన్ సభ్యులు. విద్యార్థులు స్వచ్ఛందంగా జాతీయ సేవ చేసే ఏర్పాటు కళాశాలలలో ఉండాలని ఆ సంఘం సూచించింది. సూచన కాగితంపై ఇరవై ఏళ్ళు నిదురించింది. స్వచ్ఛందంగా అన్న మాటకు మాత్రం ప్రాముఖ్యం ఉన్నది. తప్పనిసరి చేస్తే సేవ ఒక శిక్షగా మారుతుంది. స్వచ్ఛందమన్నచో వచ్చేవారు తగ్గుతారు. ఈ చిక్కు నేటికీ విడిపోలేదు.

తరువాతి పదవులను గురించి క్లుప్తంగా చెప్పినా చాలును. రాజ్యసభ సభ్యత్వం, 1957 నుండి 1962 వరకు బీహార్ గవర్నరు పదవి, 1962 నుండి రాధాకృష్ణన్ గారి హయాంలో ఉపరాష్ట్రపతి పదవి, 1963లో భారతరత్న. 1967 మే నెలలో రాష్ట్రపతిగా ఎన్నికైనారు. ఆ పదవిని అలంకరించిన తొలి ముస్లిం ఆయనే. ఆ ఎన్నికలో ప్రత్యర్థి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవిని వదలి వచ్చిన తెలుగు ప్రముఖులు కోకా సుబ్బారావు గారు. ఆ భవనంలోనూ ఆయన గులాబీలను పెంచారు, శిలాజాలను సేకరించారు. తాను రూపకల్పన చేసిన నయీ తాలీమ్ ప్రభుత్వ పాఠశాలలలో అమలైన తీరును చూసి మాత్రం ఆయన తీవ్రంగా నిరాశ చెందారు. ఆ నిరాశను బహిరంగంగానే వెల్లడించారు. బడికి ఒక రాట్నం పంపి, గోడపై ఒక బోర్డు వ్రాసినంతనే విద్యావిధానం మారిపోదని ఆయనకు తెలియనిదా! ఉపాధ్యాయునికి శిక్షణా నమ్మకమూ లేనప్పుడు రాట్నం మూలన పడి ఉంటుంది.

1969 మే 3వ తేదీన, పదవిలో ఉండగానే, గుండెపోటుతో ఆయన పరమపదించారు. పదవిలో ఉండి మరణించిన తొలి రాష్ట్రపతి ఆయన. భౌతికకాయాన్ని ఓఖ్లాలోని జామియా ఆవరణలో ఖననం చేశారు. అదే సంవత్సరం సెప్టెంబరు 24వ తేదీన, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు గారు 37 విశ్వవిద్యాలయాలలో దాదాపు 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. దానిని చూడటానికి ఆయన అయిదు నెలలు ముందుగా వెళ్ళిపోయారు. జామియా విద్యార్థులు తరగతులకు వెళ్తూ నేటికీ ఆ సమాధి ప్రక్కనుండే నడుస్తారు.